మెదడు తరంగముల శిక్షణము

ఉప్పలు కూడలి దాటి వరంగల్లు బాటను తూర్పుగా పోవువారికి బోడుప్పలు, నారపల్లి గడచిన పిమ్మట పోచారము తగులును. ఒకప్పటి మెట్టపొలముల నడుమ నేడక్కడ ఇన్ఫోసిస్ వారి విశాల ప్రాంగణమును, సంస్కృతి టౌనుషిప్పును, లెక్కకు మిక్కిలిగా మేడలును లేచినవి. అచ్చటి నివాసులలో పెక్కుమంది పగలెల్ల కంప్యూటరు ముందు కూర్చుండి జీవనము చేయువారు. వారి కష్టములు పూర్వపు కష్టముల వంటివి కావు. పిల్లవాడు పుస్తకము ముందు రెండు నిముషములైన నిలువడు. రాత్రి పండ్రెండు దాటినను తండ్రికి నిద్ర పట్టదు. వైద్యునొద్దకు పోయినచో మాత్రలు వ్రాసి యిచ్చును. బిడ్డకు మాత్ర లనిన తల్లికి భయము. ఇట్టివారికి నగరములలో ఇటీవల వినవచ్చుచున్న ఆశ యొకటి కలదు. సూది లేదు, మందు లేదు. తలపై కొన్ని తీగె లంటించి, తెరపై బొమ్మ చూపి, ముప్పది నలువది పర్యాయములలో మెదడునే తీర్చిదిద్దుదు మని చెప్పుచున్నారు. దీనికి న్యూరోఫీడ్‌బ్యాక్ అని పేరు. మనము మెదడు తరంగముల శిక్షణ మందము.

ఈ విద్య నిజమా, బూటకమా యని అడుగువారికి ఒక్క మాటలో సమాధానము చెప్పుటకు వీలులేదు. ఇందు నిజమైన భాగ మొకటి కలదు; అది ఆశ్చర్యకరమైనది. దానికి అంటగట్టబడిన భాగము మరియొకటి కలదు. బేరమంతయు ఈ రెండవదానిపైననే సాగుచున్నది. రెంటిని వేరుచేసి చూడనిదే గృహస్థుడు తన ధనమును గాని, తన బిడ్డ కాలమును గాని కాపాడుకొనజాలడు. కావున దీని పుట్టుపూర్వోత్తరములను కొంచెము విపులముగా చెప్పుచున్నాము.

మెదడునందు విద్యుత్తు కలదని మొదట కనిపెట్టినవాడు ఇంగ్లండులోని లివర్‌పూలు వైద్యుడు రిచర్డు కేటన్. ఆయన 1875 లో కుందేళ్లయొక్కయు కోతులయొక్కయు మెదడుపై తీగల నుంచి అతి స్వల్పమైన ప్రవాహములు పుట్టుచుండుట చూచెను. మానవుని తలనుండి అట్టి తరంగములను మొదట వ్రాయించినవాడు జర్మనీలో యీనా నగరపు మానసిక వైద్యుడు హాన్సు బెర్గరు. ఆయన కథ విచిత్రమైనది. యౌవనమున సైన్యములో శిక్షణ పొందుచుండగా 1892 లో గుఱ్ఱముపైనుండి జారి, ఫిరంగిబండి చక్రముల ముందు పడి, వెండ్రుకవాసిలో బ్రతికెను. ఆనాడే ఇంటివద్దనున్న సోదరికి ఆయనకేదో కీడు మూడినదని తోచి, తండ్రిచేత తంతి పంపించెను. ఒకరి తలపు మరియొకరి మనస్సునకు దూరమునుండి చేరునని బెర్గరు ఆనాటినుండి నమ్మెను. ఆ శక్తిని యంత్రమున పట్టవలెనని పెక్కేండ్లు రహస్యముగా శ్రమించి, 1924 లో ఒక యువకుని తలనుండి తరంగములను గీయించెను. అయిదేండ్లు తనలో తాను సందేహించి 1929 లో గాని ప్రకటింపలేదు. కన్నులు మూసికొని ఊరక కూర్చుండిన మనిషి తలలో సెకనుకు ఇంచుమించు పది పర్యాయములు లేచిపడు అల యొకటి కలదనియు, కన్నులు తెరచిన తోడనే అది అణగిపోవుననియు ఆయన చూపెను. దానికి ఆల్ఫా తరంగ మని పేరిడెను. తోడి జర్మను పండితులు నవ్విరి. 1934 లో కేంబ్రిడ్జిలో ఏడ్రియను, మాథ్యూసు అనువారు తామును ఆ ప్రయోగము చేసి ఔనన్న పిమ్మటనే లోకము నమ్మినది. తలపులు దూరము పోవుననుటకు మాత్రము బెర్గరుకు సాక్ష్యము దొరకలేదు.

ఈ అల యెంత స్వల్పమైనదో పాఠకులు ఊహించుకొనవలెను. టార్చిలైటులో వేయు చిన్న బ్యాటరీ ఒకటిన్నర వోల్టులది. ఆ వోల్టును పదిలక్షల భాగములు చేసినచో ఒక భాగమునకు మైక్రోవోల్టు అని పేరు. తలచర్మముపై పట్టుబడు మెదడు తరంగము పదినుండి నూరు మైక్రోవోల్టుల మేరకు మించదు. అంత చిన్నదానిని వేయింతలు, లక్షింతలు చేసి చూపు యంత్రము, పొరుగున కలుగు ఇతర చలనములనుగూడ పెద్దవిగా చేసి చూపును గదా! ఉప్పలు బాటపై హబ్సిగూడాలో 1961 లో నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలదు. భూకంపమును కొలుచు యంత్రమునకు లాతూరులో భూమి కంపించినను తెలియును, గోడ ప్రక్కన లారీ పోయినను తెలియును. రెంటిని వేరుచేయుటయే అచ్చటి పండితుల పని. మెదడు తరంగముల యంత్రమునకును ఇదే గతి. పండ్లు కొఱికినను, నొసలు ముడిచినను, కనుగ్రుడ్డు త్రిప్పినను పుట్టు విద్యుత్తు మెదడు విద్యుత్తు కంటె బలమైనది. జాగరూకత లేని శిక్షకుని చేతిలో బాలుడు తన మెదడును లొంగదీయుటకు మారుగా, నొసటి కండను సడలించుటయే నేర్చుకొనవచ్చును. తెరపై బొమ్మ రెండు విధములను ఒక్కతీరుగనే కదలును.

ఈ అలలను మనిషి తన యిచ్చకు లోబరచుకొనగలడా? ఈ ప్రశ్న వేసినవాడు జో కమియా. ఆయన 1958 ప్రాంతమున షికాగో విశ్వవిద్యాలయములో ఒక యువకుని చీకటిగదిలో కూర్చుండబెట్టి, గంట మ్రోగించినప్పుడెల్ల నీ తలలో ఇప్పుడు ఆల్ఫా ఉన్నదో లేదో చెప్పుమనెను. ప్రతి సమాధానమునకును తప్పో ఒప్పో తెలియజేసెను. మొదటి దినమున ఊహలు సగమే నిజమైనవి. నాలుగవ దినమునకు ఇంచుమించు తప్పు లేకుండ చెప్పగలిగెను. అటుపిమ్మట ఆ అలను రప్పించుటయు, ఆపుటయుగూడ కొందరికి సాధ్యమైనది. ఇందలి కిటుకు మన సంగీతము నేర్చినవారికి తెలియనిది కాదు. తంబుర శ్రుతి చెవిని పడుచుండుటచేతనే బాలిక తన గొంతును దానికి సరిపరచుకొనుచున్నది. గొంతులో ఏ కండను ఎట్లు బిగించితి వని అడిగినచో చెప్పలేదు. మెదడు తన అలలను తాను వినజాలదు. యంత్ర మొక చెవి నిచ్చినది. శిక్షణ యనగా ఇంతే.

ఇక పిల్లుల కథ. కాలిఫోర్నియాలో బారీ స్టెర్మన్ అను పండితుడు నిద్రను పరిశోధించుచు, కదలక కాచుకొని యుండు పిల్లి తలలో సెకనుకు 12 మొదలు 15 పర్యాయములు లేచు ప్రత్యేకమైన అల నొకదానిని చూచెను. ఆ అల పుట్టినప్పుడెల్ల పాలును పులుసును పోయగా, పిల్లులు దానిని తమంత తామే రప్పించుట నేర్చినవి. అంతటితో ఆ పని ముగిసియుండెడిదే. కాని రాకెట్టు ఇంధనమైన మోనోమీథైల్ హైడ్రజీను విషము సోకినవారికి మూర్ఛ వచ్చుచుండగా, అమెరికా వైమానిక దళమువారు దాని సంగతి తేల్చుమని ఆయననే కోరిరి. విష మెక్కించిన పిల్లులలో కొన్నింటికి మూర్ఛ చాల ఆలస్యముగా వచ్చినది, కొన్నింటికి రానేలేదు. ఎందుకని వెనుకకు తిరిగి చూడగా అవి పూర్వము పాలకొఱకు శిక్షణ పొందిన పిల్లులే! పాలకు ఆశపడిన పిల్లికి ప్లాసిబో తెలియదు, వైద్యునిపై భక్తియు లేదు. ఈ విద్యకు మొత్తమున నేటికిని గట్టి పునాది ఆ పిల్లులే యని మా యభిప్రాయము. 1971 లో మూర్ఛరోగముతో బాధపడుచున్న ఒక యువతికి ఆ శిక్షణమునే యిచ్చి, మూర్ఛలు తగ్గినవని స్టెర్మన్ 1972 లో ప్రకటించెను. తరువాత ఆమెకు మోటారు నడుపు లైసెన్సుగూడ లభించినది.

మన దేశమున ఈ విచారణ వేరొక ద్వారమున ప్రవేశించినది. యోగుల తలలలో ఏమి జరుగుచున్నదో చూడవలెనని పాశ్చాత్యులును మనవారును కుతూహలపడిరి. దాసు, గాస్టో అనువారు 1955 లో ప్రకటించిన పత్రములో, గాఢధ్యానమున యోగుల తరంగములు అతివేగమైన వనిరి. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో ఆనంద్, ఛీనా, బలదేవ్ సింగు అనువారు 1961 లో తద్విరుద్ధముగా చెప్పిరి: సమాధిలోనున్న యోగులకు ఆల్ఫా తరంగమే నిలిచి యున్నదనియు, వెలుగు చూపినను, చప్పుడు చేసినను, వేడిగాజు తాకించినను అది చెదరలేదనియు వారు వ్రాసిరి. ఇద్దరు యోగులు మంచువంటి నీటిలో ముప్పావుగంటకు పైగా చేయి ముంచి యుంచినను ఆ అల చెక్కుచెదరలేదట. ఈ రెండు వార్తలలో ఏది నిజము? రెండును నిజము కావచ్చును. యోగి యని పేరుపెట్టిన మాత్రమున అందరు ఒక్క పనియే చేయుచున్నారని యెట్లు చెప్పగలము? పరీక్షింపబడినవారి సంఖ్యయు బహుస్వల్పము. మన ఋషులు ఇదంతయు ముందే ఎఱుగుదురని సభలలో చప్పట్లు కొట్టించుకొనువారు ఈ పత్రములను చదివియుండరు. చదివినచో, ఆ పండితులు ఎంత తక్కువ చెప్పిరో చూచి సంతోషించియుందురు.

తెలుగుదేశమున ఈ రంగమును విశ్వవిద్యాలయ విషయముగా చేసినవారు కొత్తగా వచ్చినవారు కారు. ఆచార్య కోనేరు రామకృష్ణారావు గారు అమెరికాలో జె. బి. రైనుతో కలిసి పనిచేసి వచ్చి, 1967 లో ఆంధ్రవిశ్వవిద్యాలయమున మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్రముల విభాగమును నెలకొల్పిరి. పిమ్మట ఆ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులై, 2021 లో కీర్తిశేషులైరి. బెర్గరు రహస్యముగా నమ్మినదానిని వారు బహిరంగముగా పరీక్షకు పెట్టిరి. పరామనస్తత్వమునందు మాకు విశ్వాసము లేదు. అయినను నమ్మకమును నమ్మకముగా వదలక లెక్కకు తెచ్చుట గౌరవింపదగిన పని యని ఒప్పుకొనక తప్పదు.

తక్కిన చరిత్ర త్వరగా చెప్పవచ్చును. 1969 లో అమెరికాలో ఈ విద్యకై ఒక సంఘము పుట్టినది. కమియా తన ప్రయోగములను 1968 లో ఒక ప్రజాదరణగల పత్రికలో వ్రాయగానే, ఆల్ఫా యనిన మోక్షమని యువజనులు వెఱ్ఱిగా ఎగబడిరి. ఇంటింట ఆల్ఫా యంత్రములు వెలసినవి. ఆల్ఫా వచ్చినప్పుడు కలుగునన్న ప్రశాంతత, వచ్చునని ముందుగా చెప్పబడినవారికే యెక్కువగా కలుగుచున్నదని ప్లాట్కిన్ మున్నగువారు కొలది యేండ్లలోనే తేల్చిరి. వెఱ్ఱి చల్లారినది. కాని 1976 లో లూబార్ అను ఆచార్యుడు, నిలుకడలేని యొక బాలునికి స్టెర్మన్ పద్ధతిని ఉపయోగించి మేలు కలిగినదని వ్రాసెను. నేడు నగరములలో సాగుచున్న వ్యాపారమునకు బీజ మది.

అవధానలోపముగల పిల్లల మెదడులో మందగతిగల తీటా తరంగము లెక్కువనియు, వేగముగల బీటా తరంగములు తక్కువయనియు, మొదటివానిని తగ్గించి రెండవవానిని పెంచినచో బుద్ధి నిలుచుననియు సిద్ధాంతము. తెరపై కారు పరుగెత్తుచుండును. కోరిన అల తగ్గగానే కారు నిలిచిపోవును. బాలుడు దానిని తిరిగి పరుగెత్తించుటకు ప్రయత్నించును. మూడునాలుగు నెలలు గడచిన పిమ్మట తల్లిదండ్రులలో చాలమంది పిల్లవాడు బాగుపడినాడని చెప్పుచున్నారు. వారు అబద్ధమాడుట లేదు. బాగుపడినమాట నిజమే.

అయితే దేనివలన బాగుపడెను? ఇచ్చటనే చిక్కు. నలువది పర్యాయములు బిడ్డను వాహనమెక్కించి తీసికొనిపోయి, ఆదరముతో మాటలాడు పెద్దమనిషి యొకరి యెదుట, సెల్‌ఫోను లేకుండ, అరగంటసేపు కదలక కూర్చుండబెట్టి, చేసిన ప్రతి మంచిపనికి మెచ్చుకొనినచో, తలపై తీగ లేకపోయినను ఆ బిడ్డ కొంత కుదుటబడడా? నెలలు గడచుకొలది వయస్సును పెరుగును. మిక్కిలి విసిగిన దినములలోనే తల్లిదండ్రులు చికిత్సకు పోవుదురు గావున, తరువాతి దినములు సహజముగనే కొంత మెఱుగుగా నుండును. పైకము చెల్లించినవారు ఫలితమును వెదకి చూతురు, ఇది మానవస్వభావము. ఇన్ని కారణములనుండి అల యొక్కదానిని వేరుచేయుటకు ఒకే మార్గము కలదు. సగముమంది పిల్లలకు నిజమైన శిక్షణమును, తక్కిన సగమునకు ఉత్తుత్తి శిక్షణమును ఇచ్చి, ఎవరికేది యిచ్చితిమో బాలునికి గాని, తల్లిదండ్రులకు గాని, శిక్షకునికి గాని తెలియనీయరాదు. ఉత్తుత్తి శిక్షణలో తెరపై కారు పరుగెత్తును గాని, దానిని పరుగెత్తించునవి ఆ బాలుని అలలు కావు.

అమెరికాలో అట్టి పరీక్ష జరిగినది. ఏడు మొదలు పది సంవత్సరముల వయస్సుగల 144 మంది పిల్లలకు 38 పర్యాయముల చొప్పున శిక్షణ నిచ్చి, 2021 లో ఫలితమును ప్రకటించిరి. నిజమైన శిక్షణ పొందినవారు బాగుపడిరి. ఉత్తుత్తి శిక్షణ పొందినవారును అంతే బాగుపడిరి! పదుమూడు నెలల పిమ్మట చూచినను ముఖ్యఫలితమున భేదము కానరాలేదు. 2024 లో కొందరు పండితులు ఇట్టి పరీక్షలను 38 ఒకచోట చేర్చి, రెండువేల నాలుగువందలకు పైబడినవారి ఫలితములను లెక్కించి, ఎవరికేది యిచ్చిరో తెలియనివారి తీర్పు ప్రకారము అవధానలోపమునకు చెప్పుకొనదగిన మేలు లేదనిరి. ఆలోచనావేగములో మాత్రము స్వల్పమైన వృద్ధి కనబడినదట. నిద్రలేమి విషయమును ఇట్టిదే. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గులో 2017 లో జరిగిన పరీక్షలో నిజమైన శిక్షణయు ఉత్తుత్తి శిక్షణయు నిద్రలేనివారికి ఒక్కతీరుగనే ఊరట కలిగించినవి.

అమెరికా మాట మన కెందుకందురా? ఇట్టి చిక్కునకు మన హైదరాబాదే ఒకప్పుడు లోకమునకంతకు రంగస్థలమైనది. 1888 లో రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీ, క్లోరోఫారము మత్తు గుండెను చంపదనియు, శ్వాసను గమనించుచున్నచో భయము లేదనియు నిరూపించుటకు ఒక సంఘమును కూర్చెను. లండనులోని లాన్సెట్ పత్రిక ఒప్పుకొనలేదు. అంతట ఆరవ నిజాము మహబూబు అలీఖాను వేయి పౌనులిచ్చి, మీ పరీక్షకునే పంపుడనిరి. లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధవైద్యుడు 1889 లో వచ్చెను. వందలకొలది కుక్కలపైనను కోతులపైనను ప్రయోగములు జరిగినవి. వచ్చిన పరీక్షకుడే లారీ పక్షము వహించెను. శ్వాస నిలిచిన పిమ్మటనే గుండె నిలుచునని తీర్మానమైనది. లెక్కలకు లోటు లేదు, ధనమునకు లోటు లేదు, నిజాయితీకిని లోటు లేదు. అయినను తీర్మానము తప్పు! 1911 లో గుడ్‌మన్ లెవీ అనునాతడు, మత్తు లోతుగా నున్నప్పుడు గాక అరకొరగా నున్నప్పుడే క్లోరోఫారము గుండెను హఠాత్తుగా తబ్బిబ్బు చేసి చంపునని పిల్లులపై చూపెను. లోతైన మత్తులో వెదకినవారికి అరమత్తులో పొంచిన మృత్యువు కనబడలేదు. ఈలోగా ఎందరు రోగులు శస్త్రచికిత్స బల్లలపై ప్రాణములు విడిచిరో! ఎన్ని పర్యాయములు కొలిచితి మనుటకంటె, ఏ ప్రశ్నకు సమాధానముగా కొలిచితి మనునదే ముఖ్యమని అఫ్జల్‌గంజు కుక్కలు మనకు నేర్పినవి.

ఇక మేలైన యుపయోగములు. మాటయు, చేతియు, కాలి కదలికయు పోయి, బుద్ధి మాత్రము చెడక మంచమున పడియున్న రోగులు ఇద్దరు, తమ మెదడు విద్యుత్తును శిక్షణచే లోబరచుకొని, తెరపై అక్షరములను ఒక్కొక్కటిగా ఎన్నుకొని జాబులు వ్రాసిరి. జర్మనీలో బీర్బౌమర్ బృందమువారు ఈ సంగతిని 1999 లో ప్రకటించిరి. ఇందు ఉత్తుత్తి శిక్షణకు తావే లేదు. అక్షరము తెరపై పడెనా లేదా యనునదే పరీక్ష. పక్షవాతమున చేయి పడిపోయినవారికి, చేయి కదలించుదునను సంకల్పమును తలనుండి పట్టి చేతి తొడుగును కదల్చు యంత్ర మొకదానికి అమెరికా ఔషధశాఖ 2021 లో అనుమతి నిచ్చినది. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థలో తలకు దెబ్బ తగిలి జ్ఞాపకము, అవధానము సన్నగిల్లినవారిపై ఈ శిక్షణ ప్రయోగింపబడినది. మేలు కనబడినదని వారు వ్రాసిరి. రోడ్డు ప్రమాదములలో తలలు పగులుట మన రహదారులపై నిత్యకృత్యమైనందున ఈ పరిశోధన మనకు మిక్కిలి అవసరమైనది. దానిని ఉత్తుత్తి శిక్షణతో పోల్చి చూచుట ఇంకను విరివిగా జరుగవలసి యున్నది.

మూర్ఛరోగమును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. ఏలయనగా అజాగ్రత్తవలన ప్రాణహాని కలుగునది అచ్చట. మూర్ఛ వచ్చినవానిచేత తాళపుచెవులు పట్టించుటయు, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టుటయు మన యూళ్లలో ఇంకను పోలేదు. మూర్ఛగల కన్యకు పెండ్లి కాదు. హిందూవివాహ చట్టములోనే మూర్ఛ యొక లోపముగా వ్రాయబడి, 1999 లో గాని తొలగింపబడలేదు. పెండ్లిసంబంధము కుదురవలెనన్న తొందరలో, మాత్రలు వాడుచున్నట్లు తెలియరాదని, మాత్రలేని చికిత్సకు ఆశపడు తల్లిదండ్రులు కలరు. వారికి మేము స్పష్టముగా చెప్పుచున్నాము. తరంగశిక్షణ మూర్ఛను తగ్గించిన దృష్టాంతములు కలవు. అవియు మాత్రలకు లొంగని మొండి రోగులలో, మాత్రలు వాడుచుండగా చేయబడినవి. సామాన్యరోగికి దినమునకొక చవుక మాత్ర చేయు పనిని ఈ యంత్రము చేయజాలదు. వైద్యుని యడుగక మాత్ర నొక్కసారిగా మానినవానికి ఎడతెగని మూర్ఛ వచ్చి ప్రాణము పోవచ్చును. శిక్షకుడు మాత్రలు మానుమని చెప్పిన తోడనే అచ్చటినుండి లేచి రావలెను.

ధనము, ఆరోగ్యము గాక మూడవ సంగతి యొకటి కలదు. తలనుండి గీయబడిన ఆ గీత ఎవరిది? 2008 లో పూనా న్యాయస్థానమున, మెదడు విద్యుత్తు పరీక్షను సాక్ష్యములలో నొకటిగా గైకొని హత్యానేరమునకు శిక్ష విధించిరి. నిందితుని తలలో నేరపు జ్ఞాపకము కలదో లేదో ఈ యంత్రము చెప్పునట! 2010 మే 5 న సుప్రీముకోర్టు సెల్వి కేసులో, ఇట్టి పరీక్షలను సమ్మతి లేకుండ చేయుట తనకు తాను వ్యతిరేకసాక్షి కానక్కరలేదను హక్కునకును, స్వాతంత్ర్యమునకును భంగమని తీర్పు చెప్పినది. పోలీసువారి చేతినుండి మన తలకు అట్లు రక్షణ దొరకినది. యజమాని చేతినుండియు, బడిపంతులు చేతినుండియు రక్షణ మాటేమి? చైనాలో 2019 లో ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లల నొసళ్లకు పట్టీలు కట్టి, ఎవరి బుద్ధి చెదరుచున్నదో దీపపు రంగుచే ఉపాధ్యాయునికి తెలియజేసిరి. తల్లిదండ్రులు గగ్గోలు పెట్టగా ఆపివేసిరి. చిలీ దేశమువారు 2021 లో మెదడు సమాచారమునకు రాజ్యాంగమునందే రక్షణ కల్పించిరి. 2023 లో అచ్చటి సుప్రీముకోర్టు ఒక మాజీ సెనేటరు తలనుండి తీసికొనిన సమాచారమును చెరిపివేయుమని యంత్రము నమ్మిన కంపెనీని ఆజ్ఞాపించినది. మన 2023 నాటి వ్యక్తిగత సమాచార చట్టము మెదడు తరంగములను ప్రత్యేకముగా పేర్కొననే లేదు. అంగడిలో నేడు తలపట్టీలు దొరకుచున్నవి. కొనినవారు ధ్యానమునకై కొనుచున్నారు. ఉద్యోగుల శ్రేయస్సు పేరిట అట్టి పట్టీని యజమానియే యుచితముగా పంచినచో, పోచారపు ఉద్యోగి వలదనగలడా? అట్టిది జరుగుచున్నదని మేము చెప్పుట లేదు. జరుగకముందే చట్టసభలో అడుగుట మేలు గదా!

తల్లిదండ్రులు శిక్షణశాలలో అడుగవలసిన ప్రశ్నలు కొన్ని మాత్రమే. ఉత్తుత్తి శిక్షణకంటె మీది మేలని ఎచ్చట తేలినది? నొసటి కండల విద్యుత్తును ఎట్లు వేరుచేయుచున్నారు? పది పర్యాయములలో మార్పు లేకున్న మిగిలిన పైకము తిరిగి యిత్తురా? మా బిడ్డ గీతలు ఎవరివద్ద నుండును? ఈ ప్రశ్నలకు కోపము తెచ్చుకొనువారివద్ద బిడ్డను వదలరాదు. యోగ్యుడైన శిక్షకుడు కోపపడడు. మూర్ఛగలవారినిగాని, మిక్కిలి దిగులుతో నున్నవారినిగాని వైద్యుని సలహా లేక చేర్చుకొనడు.

ప్రభుత్వమువారు చేయదగిన పని యొకటి కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున మనస్తత్వశాస్త్ర విభాగము కలదు. ఎర్రగడ్డలో మానసిక వైద్యాలయము కలదు. నాచారమున కార్మికుల బిడ్డలు వచ్చు ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి కలదు. యంత్రములు సామాన్యమైనవే. ఈ మూడు సంస్థలును కలిసి, రుసుము తీసికొనక, తూర్పు హైదరాబాదు పిల్లలలో నిజశిక్షణ, ఉత్తుత్తి శిక్షణ, వీనితోపాటు అదే అరగంటను పెద్దల యాదరముతో చదువుకొనుటలో గడపు మూడవ తరగతి, ఈ మూటిని పోల్చి చూడవలెను. ఆ మూడవ తరగతి నెవరును మరువరాదు. మేలు చేయునది అదియే యైనచో పైకము లేని ప్రతి యింటను చేయవచ్చును. పరీక్ష ప్రారంభింపకమునుపే దేశమున 2007 నుండి నడచుచున్న చికిత్సాపరీక్షల రిజిస్టరులో ప్రశ్నను వ్రాయించి, సంవత్సరము తిరిగిన పిమ్మట ఫలితము ఎట్లు వచ్చినను తెలుగున అచ్చువేయించి బడులకు పంపవలెను.